అమ్మ కూర, మేనల్లుడి కెమెరా

(ఖరగ్‌పూర్‌లో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను 'సోషల్ మీడియా ఆదాయం' గురించి మాట్లాడమన్నారు. నేను నిపుణుణ్ణి కాను. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి ఇక్కడికి వచ్చాడు. నాన్న వర్క్‌షాపులో చేశారు. ఇప్పుడు తమ్ముడు చేస్తున్నాడు. అమ్మ వాడితో ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్‌లోనే ఉంటుంది. మూడేళ్ల కిందట మా అక్క కొడుకు అమ్మమ్మ వంటను ఫోన్‌లో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. అది బెంగాలీ వంటేనని కొందరు, కాదు మా ఉత్తరాంధ్రదేనని కొందరు కింద పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వల్లనే చాలామంది చూశారు. తర్వాత ఇలిశ చేప పులుసు. మన గోదావరి పులస, ఇక్కడి ఇలిశ ఒకే జాతి చేప అని అమ్మ చెప్పిన మాటకు ఇక్కడి పక్కింటివాళ్లు కూడా ఆశ్చర్యపోయారు.

దీన్నుంచి డబ్బు వస్తుందని మేనల్లుడు చెబితే అమ్మ నవ్వింది. "ఏట్రా, నాను కూర వండితే అమెరికావోడు డబ్బులిస్తాడేటి?"

ఇస్తాడు. యూట్యూబ్ 2007లోనే వీడియోలు చేసేవారికి ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు పెద్ద వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం చేసినవారికి, మిగతాది కంపెనీకి. షార్ట్స్‌కు లెక్క వేరు. ఆ నిధిలో చేసినవారి వంతుకు వచ్చిన దానిలో 45 శాతం ఇస్తారు, 2023 ఫిబ్రవరి నుంచి. అదే ఏడాది జూలైలో ఎక్స్ కూడా ఇలాంటి పంపకం మొదలుపెట్టింది. తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయసులో కట్టెల పొయ్యి మీద వండితే లోకమంతా చూసింది. లంబాడిపల్లి గంగవ్వ గారు 'మై విలేజ్ షో'తో ఇంటింటికీ తెలిశారు. వాళ్లను చూసి మనకూ అంతే అనుకుంటే మాత్రం కష్టం.

ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు కావాలి. పైగా పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ ఉండాలి. 4,000 గంటలంటే, ఒక మనిషి తిండీ నిద్రా లేకుండా దాదాపు 167 రోజులు మా అమ్మనే చూడాలి. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకతను ఫోన్ చేసి నాలుగు వేలిస్తే గంటలన్నీ తానే నింపిస్తానన్నాడు. అలా కొన్న గంటలు లెక్కలోకి రావు, ఛానల్ కూడా పోవచ్చు. మీ పిల్లలకు చెప్పండి.

నాన్నకు ఇష్టమైన ఒక పాత సినిమా పాట ఉంది. ఆయన సంవత్సరీకం నాడు తీసిన వీడియో వెనక ఆ పాట పెట్టమని అమ్మ పట్టుబట్టింది. పెట్టిన కాసేపటికే నోటీసు వచ్చింది. పాట హక్కులు ఒక కంపెనీవి, ఆ వీడియో ఆదాయం వాళ్లకే వెళ్తుందని. మేనల్లుడు తీసేస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "పోనీరా, పాట ఆళ్లదే గదా."

అప్పుడు నేను పట్టించుకోలేదు. తర్వాత నెలలో ఆ మాట నాకు తగిలింది.

మొదటి చెల్లింపు 103 డాలర్లు. వంద దాటితేగాని పంపరు, పంపేది నెలలో 21 నుంచి 26 లోపు. డబ్బు మేనల్లుడి ఖాతాలో పడింది. ఎందుకంటే అమ్మకు పాన్ కార్డు లేదు, యాడ్‌సెన్స్ ఖాతా వాడి పేరున తెరిచాడు. వాడు మంచి మైకు కొన్నాడు. తప్పేముంది, వీడియోల కోసమేగా? అమ్మ ఏమీ అనలేదు. వారం రోజులు వంట వీడియో అంటే మాత్రం మోకాలు నొప్పి అంది. మా అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, అమ్మకి నొప్పి మోకాల్లో కాదు" అంది.

ఇరవై రెండేళ్లుగా కౌంటర్లో నేను చెప్పేది ఒకటే, ఖాతా ఎవరి పేరున ఉంటే సొమ్ము వారిది. పాటకు హక్కుదారుడున్నాడు, ఖాతాకు హక్కుదారుడున్నాడు. కూరకు ఎవరున్నారు?

నా పేరున పెడదామని ఒక్క రోజు అనుకున్నాను, నిజమే చెప్పాలి. మన ప్రవర్తనా నియమాలు గుర్తొచ్చాయి. ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి వ్యాపారం చేయకూడదు. సెలవు రోజుల్లో రీల్స్ తీసే మన కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. శాఖలో కెమెరా అసలే వద్దు.

కాబట్టి అమ్మకు పాన్ తీయించాం. పొదుపు ఖాతా ఉండనే ఉంది. ఆమె పేరున కొత్త యాడ్‌సెన్స్ తెరిచి ఛానల్‌కు జోడించాం. ఆదాయం పది డాలర్లు దాటాక ఇంటి చిరునామాకు పోస్టులో పిన్ పంపుతారు. మొదటి కవరు రానేలేదు. మా సెటిల్‌మెంట్‌లో క్వార్టర్ నంబర్ల సంగతి తెలిసినవారికి ఆశ్చర్యం ఉండదు. నాలుగు నెలల్లో పిన్ ఇవ్వకపోతే ప్రకటనలు ఆపేస్తారు. రెండో కవరు కోసం అమ్మ రోజూ గేటు దగ్గర నిలబడి పోస్ట్‌మ్యాన్‌ను బెంగాలీలో అడిగేది. వచ్చింది.

అమెరికా పన్ను ఫారం కూడా నింపాలి. అమెరికాలో చూసినవారి వల్ల వచ్చిన భాగం మీద, మన దేశంతో ఒప్పందం ప్రకారం 15 శాతం కోత. ఫారం ఇవ్వకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోయవచ్చు. ఇక్కడ కూడా రిటర్నులో చూపాలి. చిన్న మొత్తమే కదా అని వదిలేయకండి, విదేశీ చెల్లింపు ఖాతాలో కనబడుతూనే ఉంటుంది.

ఇంకొక మాట. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధించినప్పుడు ఈ మేనల్లుడికే అక్కడున్న అభిమానులంతా రాత్రికి రాత్రి పోయారు. రైల్వే పిల్లలం, మాకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. క్వార్టర్‌లో జామచెట్టు మనం నాటొచ్చు, కాయలు మనమే తినొచ్చు, రిటైరైన నాడు తాళాలు ఇచ్చేయాలి. అందుకే అమ్మ వీడియోలన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లో దాచాం.

పంపకం అమ్మే చేసింది. యూట్యూబ్ లెక్క విన్నాక, "అయితే నాకు 55, నీకు 45. కూర నాది, కెమెరా నీది" అంది. మేనల్లుడు బేరమాడబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాడు.

కొత్త ఖాతాలో మొదటి సొమ్ము పడిన రోజు అమ్మ బ్యాంకుకు వచ్చింది. నా కౌంటర్‌కు రాలేదు, పక్క కౌంటర్‌లో నిలబడింది. విత్‌డ్రాయల్ ఫారం మీద తెలుగులో సంతకం పెట్టి రెండు వేలు తీసుకుంది. అటునుంచి అటే గోల్ బజార్ వెళ్లి ఇలిశ చేప కొనుక్కొచ్చింది. మళ్లీ పులుసు, మళ్లీ వీడియో. నిన్న రాత్రి చూశాను, 340 వ్యూస్. చేప డబ్బులు ఇంకా రాలేదు.