దసరా బంగారం – మాహులి కొండ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణం ముగియగానే కొండలను గురించి ఉపన్యాసమేమిటని కొందరికి తోచవచ్చును. పంచాంగం సంవత్సరమంతటిని గురించి చెబుతుంది. నేను అందులో ఒక్క రోజును గురించి మాత్రమే మనవి చేస్తాను. ఆశ్వయుజ మాసంలో, దసరాకు ముందో వెనుకో, సాంచాలు ఆగే సెలవునాడు ఆ రోజును మీరు దక్కించుకోవలె.

చలిదేశాలలో లార్చ్ అనే చెట్టు వున్నది. అది దేవదారుకు చుట్టం. ఆ కుటుంబంలో చాలా చెట్లు యేడాది పొడుగునా పచ్చగానే వుంటవి. లార్చ్ మాత్రం శీతకాలం రాకముందే ఆకులోని సారాన్ని లోపలికి తీసుకొని, సూదులవంటి ఆకులను పసుపు చేసి రాల్చివేస్తుంది. ఆ కొద్ది రోజులు ఆల్ప్స్ కొండలు బంగారు పూత పూసినట్లుంటవి. అక్కడి జనం తెల్లవారి బయలుదేరి, కొండెక్కి, చెట్లనూ పిట్టలనూ చూచి సాయంత్రానికి ఇల్లు చేరుతారు. మన దేశంలోనూ సిక్కిం కొండలలో ఈ చెట్టు వున్నది.

అంత దూరం మనం పోలేము. పోనవసరమూ లేదు. సహ్యాద్రిలో ఆకు పండేది శరత్తులో కాదు. టేకు ఆకు రాలేది ఎండలు ముదిరే ముందు. అయినా శరత్తులో ఈ కొండలకు బంగారం వస్తుంది. వానలు తగ్గగానే సోన్‌కీ అనే చిన్న పసుపుపచ్చ పువ్వు కోటగుట్టల మీద గుంపులు గుంపులుగా విచ్చుకుంటుంది. మరాఠీలో సోనే అంటే బంగారం. గడ్డి పండి పసుపెక్కుతుంది. పొలాల గట్ల మీద మన గునుగు తలలెత్తుతుంది. ఇక్కడివారు దానిని కురడూ అంటారు. తంగేడు మెట్టనేల చెట్టు కనుక ఈ తడివాలులలో అరుదు.

దసరానాడు మనం జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి బంగారమంటాము. మరాఠీ సోదరులు ఆప్టా ఆకు ఇచ్చి సోనే అంటారు. ఆప్టా అంటే మన ఆరె చెట్టే. ఆకు వేరు, మాట ఒకటే. రెండు భాషలవారూ ఒకే పండుగనాడు ఆకుకు బంగారమని పేరు పెట్టుకున్నారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియవలెనా, అక్కరలేదా? వారికి జమ్మి అంటే బజారులో కట్టగా అమ్మే రెమ్మ. బతుకమ్మ పూలంటే తూకానికి కొనే పూలు. తాతల వూరు వారు చూడలేదు, పుట్టిన వూరి కొండా చూడలేదు. రెంటికీ కాకుండా పోతున్నారని నా బాధ.

మనకు దగ్గరలో మాహులి వున్నది. కళ్యాణ్‌లో ఆసన్‌గావ్ లోకల్ ఎక్కి దిగితే, అక్కడినుంచి ఆటోలో కొండ అడుగు చేరవచ్చును. ఎత్తు సుమారు 2,800 అడుగులు. ఎక్కడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. పైన ఒకచోట ఇనుప నిచ్చెన వున్నది. 1636లో శహాజీ భోంస్లే నిజాంశాహీ బాలరాజును వెంటబెట్టుకొని ముట్టడికి నిలిచిన కోట యిదే. 1665 పురందర్ సంధిలో శివాజీ విడిచిన కోటలలో యిదొకటి. 1670లో తిరిగి గెలుచుకున్నాడు.

ఇక పక్షులు. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని మన పెద్దలు చెప్పారు. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం పాలపిట్టను రాష్ట్రపక్షిగా, తంగేడును రాష్ట్రపుష్పంగా, జమ్మిని రాష్ట్రవృక్షంగా ఎంచుకున్నది. తీగ మీద కూర్చున్నంతసేపు పాలపిట్ట మట్టిరంగు పిట్టలాగే కనిపిస్తుంది. ఎగిరినప్పుడే ఆ నీలం బయటపడుతుంది. కనుక దారిలో పొలాల మీది కరెంటు తీగలను చూస్తూ పోండి. పంజరంలో తెచ్చి చూపేవానికి డబ్బులివ్వకండి. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

వాగుల దగ్గర బూడిదరంగు వీపు, పసుపు పొట్టతో తోక ఆడించే పిట్ట కనిపిస్తుంది. అది హిమాలయాలలోనూ ఆ పై దేశాలలోనూ పిల్లలను పెంచి, చలికాలానికి ఇక్కడికి వస్తుంది. బతుకుతెరువుకు వలస వచ్చిన మనకు అది పరాయిది కాదు. మాహులి అడవి తాన్సా అభయారణ్యంలోనిది. 1884 తరువాత ఎవరికీ దొరకక, అంతరించిందనుకున్న అడవి పైడికంటె ఒకటి 1997లో మహారాష్ట్రలోని శహాదా దగ్గర మళ్లీ కనిపించింది. 2014లో ఈ తాన్సాలోనే దాని జాడ తెలిసింది. పగలు తిరిగే చిన్న గుడ్లగూబ అది. దానిని వెతికి హింసించవద్దు. ఉన్నదన్న మాట చాలు.

ముఖ్యమైన మాట ఒకటున్నది. రోజుకు పన్నెండు గంటలు సాంచాల మోతలో వుండే చెవి మొదట పోగొట్టుకునేది సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులను. చిన్నపిట్టల కూత అటువంటిదే. మాహులి మెట్టమీద పది నిమిషాలు మాటలాడక కూర్చోండి. మీ అబ్బాయి "నాయనా, పిట్ట కూస్తున్నది" అని, మీకు వినబడకపోతే, పిట్టది తప్పు కాదు. మరునాడే చెవి వైద్యునికి చూపించుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు; మిగిలినది కాపాడుకోవచ్చును. చెవిలో దూది పెట్టుకొంటే చాలదు. మోతను ఆపే బిరడాలు వేరే దొరుకుతవి. కార్ఖానా లోపల ఈ లోటు తెలియదు, అందరూ అరచి మాట్లాడేవారే కదా. కొండమీది నిశ్శబ్దంలోనే తెలుస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. రాత్రి పాళీ చేసి నిద్ర లేక ఎక్కరాదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రొట్టె, ఉల్లిగడ్డ, బెల్లం చాలు. తేనెతుట్టెల దగ్గర పొగ పెట్టరాదు, అత్తరు పూసుకొని పోరాదు. చీకటి పడకముందే దిగవలె. అభయారణ్యంలో పువ్వు తుంచరాదు, ఆప్టా కొమ్మ విరవరాదు. బతుకమ్మ పూలు పొలంగట్ల రైతు నడిగి తెచ్చుకోవచ్చును. కొండకింద వారలీ, కాత్కరీ, ఠాకూర్ గూడేలున్నవి. చెట్టు పేరు వారి పిల్లలనడిగితే మన పిల్లలకు నేర్పుతారు. అది మన పాఠశాలలో దొరికే చదువు కాదు.

ఇప్పుడు చైత్రం, కొండ మాడి వున్నది; మోదుగుపూలు మాత్రం చూడవచ్చును. ఆరు నెలలున్నవి. ప్రతి వాడకట్టునుంచి నలుగురైదుగురు కుటుంబాలు కూడి, ఆ ఒక్క సెలవును ఇప్పుడే అనుకొని పెట్టుకోండి. మన నేతవారికి పోగు ఎంత సన్ననిదో వేలితో తెలుసు. కొండ ఎంత పచ్చనిదో కంటితో తెలియవలె, పిట్ట ఎక్కడ కూసిందో చెవితో తెలియవలె.