కాలేజీ ఆఫీసు కిటికీ ముందు రైతు

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రైతుల సమావేశాల్లో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



వడ్ల కొనుగోళ్ల గురించి, ఎడమ కాల్వ నీళ్ల గురించి మాట్లాడతామనే మీరంతా వచ్చారు. అవి తర్వాత వస్తాయి. అంతకన్నా ముందు కొంతసేపు మన పిల్లల కాలేజీ సంగతి మాట్లాడాలని అనుకుంటున్నాం.

రైతు సంఘానికి కాలేజీలతో ఏం పని అని అడిగేవాళ్లున్నారు. పని ఉంది. అప్పు గురించి మా దగ్గరికొచ్చే రైతుతో కూర్చుని లెక్క రాస్తే బోరు, ట్రాక్టరు కిస్తీ, ఆస్పత్రి ఖర్చు వరసలోనే కాలేజీ ఫీజు కూడా కనబడుతున్నది. పిల్లవాడి చదువు పూర్తయి సర్టిఫికెట్ల కోసం పోతే, "సర్కారు నుంచి మీ పైసలు రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చినప్పుడు తిరిగి ఇస్తాం" అంటున్నారు. రైతు మూడు రూపాయల మిత్తికి తెచ్చి కడుతున్నాడు. అది కూడా వ్యవసాయ అప్పే. వడ్లు అమ్మిన పైసలే కదా దానికి పోయేది!

ముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో అన్ని వర్గాల పేద పిల్లలకు విస్తరించిన పథకం ఇది. ఇందులో రెండు భాగాలున్నాయి. కాలేజీ ట్యూషన్ ఫీజుకు ఇచ్చేది ఆర్‌టీఎఫ్. పిల్లల తిండికి, హాస్టలుకు, పుస్తకాలకు ఇచ్చేది ఎంటీఎఫ్. రెంటికీ దరఖాస్తు ఈపాస్ వెబ్‌సైట్‌లోనే చేయాలి. మొదటి ఏడాది కొత్త దరఖాస్తు, ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. "పోయిన ఏడు పెట్టినం కదా" అని రెన్యువల్ మరిచిన ఇళ్లు ప్రతి మండలంలో ఉన్నాయి.

ఆదాయ పరిమితి ఎస్సీ, ఎస్టీలకు 2 లక్షలు. బీసీలకు, ఈబీసీలకు పల్లెల్లో లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు. రైతుకు చిక్కు వచ్చేది ఇక్కడే, కొంచెం నిదానంగా వినండి.

మూడెకరాల తరి ఉన్న రైతును తీసుకుందాం. ఎకరానికి 25 క్వింటాళ్లు పండితే మొత్తం 75 క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు. ఒక్క పంటకు ఖాతాలో పడేది 1,79,175 రూపాయలు. పరిమితి లక్షా 50 వేలే కాబట్టి బ్యాంకు పుస్తకం చూసినవాడు "ఈయనకు ఎక్కువ వస్తున్నది" అనుకుంటాడు. దున్నకం, నారు, నాట్ల కూలి, ఎరువు, మందులు, కోత మిషను, కాంటా దాకా ట్రాక్టరు కిరాయి, కౌలుకు చేసినవాడైతే కౌలు... ఇవన్నీ తీసేస్తే మిగిలేదెంతో మీకు తెలుసు. అమ్మకం వేరు, ఆదాయం వేరు. దుకాణం గల్లాలో పడ్డ పైసలన్నీ దుకాణదారు ఆదాయం అని ఎవరూ అనరు కదా, మరి రైతుకెందుకు అంటారు?

అందుకని మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టేటప్పుడు తెల్లకాగితం మీద పంటవారీగా ఖర్చు, అమ్మకం, మిగులు రాసి జతచేయండి. ఆర్‌ఐ విచారణకు వచ్చినప్పుడు ఆ కాగితమే చేతికివ్వండి. నోటిమాటగా "ఎంతో కొంత రాయండి సార్" అంటే ఆయన కూడా ఎంతో కొంతే రాస్తాడు. లేని పేదరికం రాయించుకోమని మేము చెప్పడం లేదు. ఉన్న లెక్క ఉన్నట్టు రాయించుకోమంటున్నాం. కౌలు రైతుల సంగతి ఇంకో తీరు. రికార్డులో ఆయన పేరుండదు కాబట్టి పంట నష్టానికి ఆయనను లెక్కలోకి తీసుకోరు. 2024 సెప్టెంబరు మొదట్లో వరదకు నడిగూడెం దగ్గర ఎడమ కాల్వ తెగి పొలాల్లో ఇసుక మేట వేసినప్పుడు ఇది అందరం చూశాం. ఆ ఏడాది నష్టం ఏ కాగితంలోనూ లేకపోయినా, పిల్లల ఫీజు గడువు మాత్రం మారదు.

పేర్ల సంగతి కూడా ఒక మాట. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంతో, ఇంకోచోట పూర్తిగా ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. ఇవి ఇంటర్లో ఉండగానే సరిచేసుకోవలసినవి. డిగ్రీలో చేరిన తర్వాత అంటే ఆలస్యమే.

ఇంజినీరింగుకు పంపేవాళ్లు ఇంకొకటి లెక్కవేసుకోవాలి. బీసీ, ఈబీసీ పిల్లల్లో ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకు పూర్తి ఫీజు వస్తుంది. సర్కారు విద్యాసంస్థల్లో చదివి వచ్చినవాళ్లకు కూడా పూర్తి ఫీజు వచ్చే వెసులుబాటు ఉంది, అడిగి తెలుసుకోండి. మిగతావాళ్లకు 35 వేలే లెక్క. కాలేజీ ఫీజు 75 వేలుంటే ఏడాదికి 40 వేలు, నాలుగేళ్లకు లక్షా 60 వేలు ఇంటి నుంచి పోతాయి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంటే లేదు. "సీటు ఇప్పిస్తా, ఫీజు సర్కారు కడుతుంది" అని ఇంటికొచ్చి చెప్పేవాడు ఏ కోటా సీటు ఇప్పిస్తున్నాడో ముందు అడగండి.

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఊళ్లల్లో ఆటోల మీద ఫ్లెక్సీలు, బైకుల మీద పీఆర్‌ఓలు తిరుగుతారు. డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆప్షన్లు పెట్టుకోవలసింది పిల్లలే. కానీ పీఆర్‌ఓ ఇంటికొచ్చి పిల్లవాడి ఫోనుకొచ్చిన ఓటీపీ అడిగి, తమ కాలేజీ ఒక్కటే ఆప్షన్ పెట్టేసి పోతాడు. పిల్లవాడు కోదాడలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలోనో, మిర్యాలగూడ ప్రభుత్వ కాలేజీలోనో చదువుదామనుకుంటే సీటు ఇంకెక్కడో పడుతుంది. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో పిల్లలే మనకు చెబుతారు. దోస్త్ ఓటీపీ సంగతి మనం వాళ్లకు చెప్పాలి.

ఇక అసలు గొడవ సర్టిఫికెట్లది.

సర్కారు రీయింబర్స్‌మెంట్ సకాలంలో ఇవ్వడం లేదన్నది నిజం. 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు, 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం బంద్ పెట్టాయి. అధ్యాపకుల జీతాలు ఆగిన మాటా నిజమే. చిన్న పట్నాల్లో కాలేజీ నడపడం కష్టమని మాకూ తెలుసు. బకాయిలు విడుదల చేయాలన్న డిమాండులో మేము వాళ్లతో ఉన్నాం. కానీ సర్కారు బాకీకి పిల్లవాడి మెమోలు కుదువ పెట్టుకోవడం ఏం న్యాయం? సేటు బాకీ పడితే హమాలీ గొంగడి గుంజుకున్నట్టుంది.

యూజీసీ 2018 అక్టోబరులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రవేశ సమయంలో అసలు సర్టిఫికెట్లు చూసి, సంతకం చేసిన నకళ్లు తీసుకుని, అసలువి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. వాటిని కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదు. చేరి మానేసినవాళ్లకు ఫీజు వాపసు లెక్క కూడా అందులోనే ఉంది. ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే కొద్దిపాటి ఖర్చు పోను మొత్తం ఇవ్వాలి. ఆ 15 రోజుల లోపల మానుకుంటే 90 శాతం, ఆఖరు తేదీ దాటాక 15 రోజుల లోపు 80 శాతం, నెల లోపు 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. మానేసిన రోజే రాతపూర్వకంగా ఎందుకు ఇవ్వాలో ఇప్పుడు అర్థమైంది కదా. నోటితో చెప్పి వచ్చేసినవాడు "ఎప్పుడు చెప్పినవు?" అంటే చూపించేందుకు ఏముంటుంది?

2023 ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల మీద నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాలకు చోటుండాలి. ప్రకటించిన దానికన్నా ఎక్కువ వసూలు చేసినా, చదవదలచుకోని కోర్సుకు ఫీజు కట్టించేందుకు పత్రాలు పట్టుకున్నా, వాపసు ఇవ్వకపోయినా, స్కాలర్‌షిప్ ఆలస్యమైనా ఆ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలని ఉంది. తృప్తి కలగకపోతే 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మన మూడు ఊళ్ల డిగ్రీ కాలేజీలకు యూనివర్సిటీ అంటే నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ.

కాగితం మీద బాగానే ఉంది, కాలేజీ ఆఫీసులో ఎవరు వింటారని మీరు అనుకోవచ్చు. మా అనుభవంలో తేడా ఒక్కచోట కనబడింది. తండ్రి ఒక్కడే పోయి కిటికీ దగ్గర బతిమాలితే "రేపు రా" అంటున్నారు. రెండు ప్రతులుగా అర్జీ రాసి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయమని అడిగితే లోపలికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. ఇక పైసలు కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు మీద "రీయింబర్స్‌మెంట్ రాగానే తిరిగి ఇచ్చే షరతుతో" అని రాయించుకోండి. తర్వాత అడగడానికి ఆ ఒక్క వాక్యమే ఆధారం.

పైసలు వచ్చాయో లేదో తెలుసుకునే దారి కూడా ఉంది. దరఖాస్తు నెంబరుతో ఈపాస్‌లో స్థితి చూడవచ్చు. అంతుపట్టకపోతే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మా అమ్మాయి ఫీజు మంజూరైందా, ఏ తేదీన, ఎవరి ఖాతాలో పడింది అని మూడు ప్రశ్నలు చాలు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. జిల్లాలు విడిపోయాక కొందరు ఆఫీసుల మధ్య తిరుగుతున్నారు. సూర్యాపేట, కోదాడ కాలేజీలకు సూర్యాపేట జిల్లా ఆఫీసు, మిర్యాలగూడ కాలేజీలకు నల్లగొండ జిల్లా ఆఫీసు చూస్తాయి.

హాజరు గురించి ఈ మాట మనకే చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. పత్తి ఏరేటప్పుడు, నాట్లప్పుడు కూలీలు దొరక్క పిల్లలను చేనుకు తీసుకుపోతున్నాం. ముఖ్యంగా ఆడపిల్లలను. రోజు కూలి మిగిలిందనుకుంటాం కానీ ఏడాది ఫీజే చేజారే ప్రమాదం ఉంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్టు లేదు. ఆ వెసులుబాటును కాలేజీకి వాడుకుందాం. పొద్దున కాలేజీ వేళకు బస్సు రాని ఊళ్ల పేర్లు మాకు రాసివ్వండి, డిపోకు కలిసి పోదాం.

ఇంకొక్క విషయం, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. రాష్ట్రంలో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూడాలని ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటికే పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఫెయిల్ అని వచ్చిన రోజు ఇంట్లో ఫీజు లెక్క ఎత్తకండి. మార్కులు మళ్లీ లెక్కించమని అడగవచ్చు, సప్లిమెంటరీ రాయవచ్చు. పిల్లలు ముభావంగా ఉంటే 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. కాలేజీలో, హాస్టల్లో ర్యాగింగ్ జరిగితే 1800-180-5522. ఈ రెండు నెంబర్లు గోడ మీద రాసిపెట్టుకోండి, ఎరువుల దుకాణం నెంబరు రాసుకున్నట్టే.

మూడు పట్టణాల్లోనూ సంఘం పని ఇలా ఉంటుంది. టీసీలు, మెమోలు ఆగినవాళ్ల వివరాలు కాలేజీ వారీగా రాసుకుంటాం. పిల్లవాడి హాల్‌టికెట్ నెంబరు, ఈపాస్ దరఖాస్తు నెంబరు, ఇప్పటిదాకా కట్టిన ఫీజు రసీదుల నకళ్లు తెచ్చుకోండి. రసీదు ఇవ్వకుండా కట్టించుకుని ఉంటే ఆ తేదీ, మొత్తం కాగితం మీద రాసి సంతకం చేయండి. ఒకే కాలేజీ నుంచి పది అర్జీలు వస్తే పదిమందినీ కలిసి తీసుకుపోతాం. అర్జీ నమూనా బల్ల మీద ఉంది, పోయేటప్పుడు ఊరికి రెండు చొప్పున పట్టుకుపోండి. ఇక కొనుగోలు కేంద్రాల సంగతి మాట్లాడటానికి మండల బాధ్యులను వేదిక మీదికి పిలుస్తున్నాం.