చాకు ఇస్తే పైసా పుచ్చుకోవాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్నేహం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. యాభై ఏళ్ల స్నేహాలు కళ్లెదుట కూర్చుని ఉన్న సభలో ఆ మాట కొత్తగా చెప్పేదేముంది? అందుకని మీకు తెలియని కొందరు స్నేహితుల గురించి చెబుతాను. వాళ్లది ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం. పాతకాలపు మడత చాకులు సేకరించడం వాళ్ల సరదా. ఉద్యోగరీత్యా నేను ఇరవై రెండేళ్లు ఆ ఊళ్లో ఉన్నాను. పొరుగింటి పెద్దాయన ఒక గురువారం సాయంత్రం టీకి రమ్మని తీసుకెళ్లారు. అలా ఆ ఎనిమిది మంది గుంపులో తొమ్మిదోవాణ్ణయ్యాను.

ముందు ఆ ఊరి సంగతి చెప్పాలి. మనకు పెద్దాపురం పట్టు, నిర్మల్ బొమ్మలు ఎలాగో ఇంగ్లండుకు షెఫీల్డ్ కత్తులు అలాగ. పద్నాలుగో శతాబ్దపు కవి ఛాసర్ తన కథలో ఒక మిల్లు యజమాని షెఫీల్డ్ చాకు పెట్టుకు తిరుగుతాడని రాశాడు. అక్కడి కత్తుల పనివారి సంఘం 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఇప్పటికీ నడుస్తోంది. జోసెఫ్ రాడ్జర్స్ అనే పేరున్న కంపెనీ క్రీస్తు శకంలో ఏడాదికి ఒక బ్లేడు చొప్పున పెట్టి 1822లో ఒక వింత చాకు చేసింది. ఆ తర్వాతి సంవత్సరాలకు కూడా బ్లేడులు చేరుస్తూ వచ్చారు.

నా మిత్రులు సేకరించేవి అలాంటి వింత వస్తువులు కావు. జేబులో పట్టే మామూలు చాకులు. ఒక బ్లేడు, ఒక స్ప్రింగు, రెండు పక్కలా ఇత్తడి రేకులు, వాటి మీద గేదె కొమ్ముతోనో ఎముకతోనో రోజ్‌వుడ్‌తోనో చేసిన పిడి. గోటితో లాగి తెరవడానికి బ్లేడు మీద చిన్న గాడి. అంతే. పెన్‌నైఫ్ అన్న మాట ఎక్కడిదో నాకు అక్కడే తెలిసింది. ఈకతో రాసే రోజుల్లో ఈక మొన చెక్కుకోవడానికి వాడిన చాకు కాబట్టి పెన్‌నైఫ్. అంటే అది బళ్లో పుట్టిన చాకేననుకోవచ్చు. మనం జామెట్రీ బాక్సులో సగం బ్లేడుముక్క దాచుకుని పెన్సిళ్లు చెక్కుకోలేదూ, అలాగే.

ఒక చాకు తయారు కావాలంటే మూడు రకాల పనివాళ్లు కావాలి. కొలిమి దగ్గర కాల్చి సాగగొట్టేవాడు ఒకడు. తిరిగే సానరాతి మీద పదును పెట్టేవాడు ఇంకొకడు. ముక్కలన్నీ కూర్చి చాకుగా చేసేవాడు మూడోవాడు. పెద్ద కంపెనీలే కాకుండా చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా పని చేసుకునేవాళ్లు వందల మంది ఉండేవారు. వాళ్లను అక్కడ 'లిటిల్ మెస్టర్లు' అంటారు, అంటే చిన్న మేస్త్రీలు. వాళ్లలో స్టాన్ షా అనే ఆయన పద్నాలుగేళ్లకే పనిలో చేరి డెబ్బై ఏళ్లకు పైగా చాకులు చేశాడు. 2021లో కన్నుమూశాడు. ఆయన పేరు ఎత్తితే మా గుంపులో అందరూ ఒక్క క్షణం మాట ఆపేవారు, మనం ఘంటసాల గారి పేరు ఎత్తినప్పుడు ఆపినట్టు.

ఇక వీళ్ల దినచర్య. పొద్దున్నే చొక్కా ఎంచుకున్నట్టు ఆ రోజుకి ఒక చాకు ఎంచుకుని జేబులో వేసుకుంటారు. దానితో ఉత్తరం చింపుతారు, పార్సిలు దారం కోస్తారు, మధ్యాహ్నం యాపిల్ ముక్కలు చేసుకుంటారు. పాత చాకులు కార్బన్ స్టీలువి. పళ్ల రసం తగిలితే బ్లేడు మీద నీలంగా, బూడిద రంగుగా మచ్చ పడుతుంది. దాన్ని పటీనా అంటారు. కొత్తవాళ్లు దాన్ని మరక అనుకుని తోమేస్తారు. వీళ్లు మాత్రం మన ఇళ్లలో పాత ఇనప పెనం నలుపు చూసి మురిసిపోయినట్టు మురిసిపోతారు. షెఫీల్డ్‌లోనే హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పు పట్టని స్టీలు తయారు చేశాడు. మా గుంపులో ఒకాయన బ్రియర్లీ పక్షం, మిగతావాళ్లంతా కార్బన్ స్టీలు పక్షం. ఆ వాదన నేను వెళ్లిన రోజు మొదలై లేదు, నేను వచ్చేసిన రోజు ముగియనూ లేదు.

చాకు తెరుస్తున్నప్పుడు స్ప్రింగు మీద బ్లేడు కదిలే తీరును వాళ్లు 'నడక' అంటారు, మూసినప్పుడు టక్కుమనే చప్పుడును 'మాట' అంటారు. కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని ఎవరి చాకో చెప్పేవారు. ఆదివారం తెల్లవారుజామున జనం కార్ల వెనక పాత సామాన్లు పరుచుకుని అమ్మే సంతకు బయల్దేరేవారు. తుప్పు పట్టిన చాకు దొరికితే ముందు బ్లేడు మొదట్లో ఉన్న ముద్ర చూస్తారు. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం నాటిది. ఇంగ్లండ్ అన్న మాట ఉంటే చాలావరకు 1890 తర్వాతిది, ఎందుకంటే ఆ ఏడాది వచ్చిన అమెరికా సుంకాల చట్టం సరుకు మీద దేశం పేరు ఉండాలంది.

ఆ దేశంలో కత్తిపోట్ల భయం ఎక్కువ. చట్టం కూడా గట్టిది. మూడు అంగుళాలకు మించని అంచు, తెరిచాక లాక్ పడని మడత చాకు అయితేనే కారణం చెప్పనక్కర్లేకుండా వెంట ఉంచుకోవచ్చు. అందుకని వీళ్లు నలుగురున్న చోట చాకు తీసే ముందు ఒకసారి చుట్టూ చూస్తారు. చిన్నపిల్లలో, బెదిరేవాళ్లో ఉంటే తీయరు. యాపిల్‌ని కొరుక్కు తినేస్తారు. నాకు వాళ్లలో బాగా నచ్చిన మర్యాద అది.

నేను పరాయివాణ్ణన్న భావన నాకు ఎన్నడూ కలగనివ్వలేదు. ఆ ఊళ్లో మగవాళ్లు మగవాళ్లను కూడా 'లవ్' అని పిలుస్తారు, మనం ముక్కూ మొహం తెలియనివాణ్ణి 'అన్నా' అన్నట్టు. ఒకసారి వాళ్లు భారతదేశపు 'వుట్జ్' స్టీలు గురించి మాట్లాడుకుంటుంటే, ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులు చెబుతారని, ఆ ఉక్కు చేసిన కొలుముల ఊరు కోనసముద్రం నిజామాబాద్ జిల్లాలోనే ఉందని చెప్పాను. ఆ మాట నాతో నాలుగుసార్లు పలికించుకుని నేర్చుకున్నారు. పిడికి వాడే జింక కొమ్ములో చాలా భాగం ఒకప్పుడు మన అడవుల్లో కణుజులు రాల్చిన కొమ్ములే. మన ప్రభుత్వం ఆ ఎగుమతి నిషేధించింది. అది మంచిదేనని వాళ్లే అన్నారు.

గుంపులో కొత్తగా చేరినవాణ్ణి వాళ్లు ముందు దుకాణానికి తీసుకెళ్లరు, ఆబీడేల్‌లోని పాత కర్మాగారం మ్యూజియానికి తీసుకెళ్తారు. సానరాళ్ల ఎదుట పనివాళ్లు వంగి కూర్చున్న పీటలు చూపిస్తారు. ఆ రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి ఎందరో చిన్న వయసులోనే పోయారు. ఎంగెల్స్ 1845 నాటి పుస్తకంలో షెఫీల్డ్ సానపనివారి గురించి రాశాడు. "చాకు అందం చూసేముందు ఇది చూడాలి" అని మా పొరుగు పెద్దాయన అనేవారు. చాకు మీద కంపెనీ పేరుంటుంది గానీ సానపట్టినవాడి పేరుండదు.

ఇప్పుడు అసలు సంగతి. చాకును ఊరికే బహుమతిగా ఇస్తే స్నేహం తెగిపోతుందని ఇంగ్లండులో పాత నమ్మకం. అందుకని పుచ్చుకున్నవాడు ఒక పెన్నీ, అంటే మన పైసా లాంటిది, తిరిగి ఇవ్వాలి. అప్పుడది కొన్నట్టవుతుంది. మన ఇళ్లలో ఉప్పు చేతిలో పెట్టరు, తగవులొస్తాయని కింద పెడతారు చూశారా, అలాంటిదే. గురువారం టీ దగ్గర ఆ పెన్నీలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

మా పొరుగు పెద్దాయనకు, గుంపులోనే ఉన్న ఆయన చిన్ననాటి మిత్రుడికి ఆరేళ్లుగా మాటల్లేవు. ఒకే బళ్లో చదువుకున్నవాళ్లు. సంతలో ఒక లాంబ్స్‌ఫుట్ చాకు మొదట చూసింది ఒకరు, డబ్బిచ్చి తీసుకుంది ఇంకొకరు. తిన్నటి అంచు, నల్ల కొమ్ము పిడి, విలువ మహా అయితే నలభై పౌండ్లు. ఇద్దరూ గురువారం వస్తారు, టీ తాగుతారు, ఒకరినొకరు పలకరించుకోరు. మేము మధ్యలో కూర్చుని ఇటు మాట అటు అందించేవాళ్లం.

పెద్దాయనకు కేన్సరని తెలిసింది. మిగిలినది కొద్ది నెలలన్నారు. ఆయన తన చాకులు వేలం కంపెనీకి ఇవ్వలేదు. ఒక్కొక్కటీ ఒక్కొక్కరికి పిలిచి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరికిచ్చినా ఒక పెన్నీ పుచ్చుకుని పాత బిస్కెట్ల డబ్బాలో వేసేవారు. నాకు యాపిల్ కోసుకునే చిన్న చాకు ఇచ్చారు. పెన్నీ కోసం నేను జేబులన్నీ వెతుక్కుంటుంటే నవ్వుతూ చూశారు.

ఆఖరుకి ఆ లాంబ్స్‌ఫుట్ ఒక్కటీ మిగిలింది. దాన్ని కవరులో పెట్టి ఆ మిత్రుడి ఇంటికి నాతో పంపించారు. లోపల ఉత్తరమేమీ లేదు. ఆయన కవరు విప్పి, చాకు తెరిచి, మూసి, ఆ చప్పుడు విని, కోటు వేసుకుని నాతో బయల్దేరారు. మంచం పక్కన కూర్చుని పెన్నీ చేతిలో పెట్టారు. క్షమాపణలు లేవు, పాత లెక్కలు లేవు. ఒకరు షెఫీల్డ్ వెన్స్‌డే అభిమాని, ఇంకొకరు షెఫీల్డ్ యునైటెడ్ అభిమాని. ఆ రోజు నుంచి రెండు నెలలు ఫుట్‌బాల్ గురించి పోట్లాడుకున్నారు. తర్వాత పెద్దాయన వెళ్లిపోయారు. డబ్బాలో ముప్పై ఒక్క పెన్నీలున్నాయి. ఆయన కూతురు దాన్ని వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుంది.

ఆ మిత్రుడు తర్వాత నాతో ఒక్క మాటే అన్నారు: "రెండు నెలలు బాగున్నాయి. ఆరేళ్లు కూడా బాగుండేవి."

మిత్రులారా, మనం యాభై ఏళ్లకోసారి ఇంత పెద్ద సభ చేసుకుంటున్నాం. సంతోషం. కానీ ఆ తొమ్మిది మందిని కలిపి ఉంచింది ఏ ఉత్సవమూ కాదు, వారం వారం టీ. అక్కడ ఎజెండా లేదు, తీర్మానాలు లేవు. మన సంఘం కూడా నెలకోసారి, పాత వేపచెట్టు కిందైనా సరే, ఒక టీ పెట్టుకుంటే బాగుంటుందని నా మనవి. వచ్చినవాళ్లే వస్తారు. రాలేనివాళ్లకు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఊళ్లోనే ఉన్న మన మాస్టార్లను ఎవరో ఒకరు స్కూటరు మీద ఎక్కించుకొస్తారు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ హాల్లో కూడా చిన్న సంగతికి పెద్ద మౌనం పాటిస్తున్నవాళ్లు ఉండే ఉంటారు. స్థలం గొడవో, పెళ్లికి పిలవలేదన్న కోపమో, అప్పు సంగతో. దయచేసి ఇవాళ భోజనాల బంతిలో వాళ్ల పక్కన కూర్చోండి. పాత లెక్క ఎత్తనక్కర్లేదు. గోంగూర ఇటు జరపమంటే చాలు.