పాత చిన్న ట్రాక్టరును ఇంటియొద్దనే కాపాడుకొను విధము

(మక్తల్ రైతుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



నేను యంత్రవిద్య నభ్యసించినవాడను గాను. రెవిన్యూ శాఖలో తర్జుమా పని చేయువాడను. మీలో అనేకుల యిండ్లలో ట్రాక్టరుతో వచ్చిన ఆంగ్ల పుస్తకము పెట్టెలో మూసినది మూసినట్లే యున్నది. అందలి సంగతులు తెలుగున చెప్పుమని పెద్దలు కోరిరి. ఆ పుస్తకములను చదివియు, అనుభవము గల మేస్త్రీల నడిగియు తెలిసికొన్నదానిని మనవి చేయుచున్నాను.

చిన్న ట్రాక్టరనగా ఇరువది, ఇరువదియైదు గుఱ్ఱముల బలము గల బండి. ప్రభుత్వమువారి హెచ్.ఎం.టి. కర్మాగారము 1971వ సంవత్సరమున పింజోరులో ట్రాక్టరుల నిర్మాణ మారంభించెను. పంజాబు ట్రాక్టర్సువారి స్వరాజ్ 724 బండి 1974లో వెలువడెను. దాని నమూనా దుర్గాపురములోని మన శాస్త్రజ్ఞులు రూపొందించినదే. హెచ్.ఎం.టి. ట్రాక్టరుల విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. అట్టి బండి గలవారికి విడి భాగములు దొరకుట కష్టము గనుక, ఉన్న భాగములను అరగకుండ కాపాడుకొనుట మరింత అవసరము.

మన ప్రాంతమున ట్రాక్టరునకు ప్రధాన శత్రువు దుమ్ము. చల్కా భూములలో వేసవి దుక్కి దున్నునప్పుడును, కందులు నూర్చునప్పుడును బండి కనబడనంత దుమ్ము లేచుచుండును. మా అన్నగారొకరు పాత ట్రాక్టరును కొని రెండు కారులు చక్కగా నడిపించిరి. గాలి ఫిల్టరు గిన్నెను ఒక్కమారైనను విప్పి చూడలేదు. మృగశిర కార్తెలో మంచి వాన కురిసినది. మరునాడు గొర్రు కట్టగానే బండి నీలిపొగ విడుచుచు లాగలేక నిలిచిపోయెను. ఇంజను విప్పి చూడగా పిస్టను రింగులును, స్లీవులును అరిగిపోయి యుండెను. గిన్నె అడుగున నూనెకు బదులు ఎండిన చెరువు మట్టి వంటి గడ్డ యుండెను. సామానులు వచ్చి మరమ్మతు ముగియునప్పటికి భూమిలోని పదును ఆరిపోయెను. ఆ యేడు ఆయన మరల వానకై వేచి, ఆలస్యముగా విత్తవలసివచ్చెను. కొద్దిపాటి నూనెయు, పావుగంట శ్రమయు ఆ నష్టమును తప్పించియుండెడివి.

కావున మొదటిది గాలి. పాత బండ్లలో పెక్కింటికి నూనె గిన్నెగల ఫిల్టరుండును. ఇంజను పీల్చు గాలిలోని దుమ్ము ఆ నూనెలో చిక్కుకొని అడుగున పేరుకొనును. దుమ్ము పని చేయు దినములలో ప్రతి దినము గిన్నె విప్పి చూడవలయును. అడుగున వ్రేలి వెడల్పు బురద చేరినచో దానిని పారబోసి, గిన్నెను డీజిలుతో కడిగి తుడిచి, ఇంజను నూనెను గుర్తు వరకు మాత్రమే పోయవలయును. అధికముగా పోయరాదు. ఏలయన, ఆ నూనెను ఇంజను పీల్చుకొన్నచో డీజిలు ఆపినను ఆగక మితిమీరిన వేగముతో తిరిగి చెడిపోవచ్చును. ఫిల్టరునుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము పగిలినను, క్లిప్పు వదులైనను ఫిల్టరున్నను లేనట్లే. ఆ గొట్టమును తరచుగ పరీక్షింపవలయును.

రెండవది నూనె. ఉదయము బండిని చదునైన చోట నిలిపి, ఇంజను తిప్పకమునుపే కొలత కడ్డీని తీసి తుడిచి, మరల ముంచి చూడవలయును. నూనె రెండు గీతల నడుమ నుండవలయును. పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని గ్రహించి బండిని నడపరాదు. నూనెను, దాని ఫిల్టరును మీ పుస్తకమున చెప్పిన గంటలకు మార్చుడు. దుమ్ములో అధికముగా పని చేసినచో అంతకు ముందే మార్చుట మేలు. తీసిన పాత నూనెను బావిలోగాని, కాలువలోగాని పోయరాదు.

మూడవది డీజిలు. టాంకును సాయంకాలమే నింపినచో రాత్రి చల్లదనమునకు లోపల నీరు చేరుట తగ్గును. ఫిల్టరు గిన్నె అడుగున చేరిన నీటిని, మట్టిని తీసివేయుచుండుడు. టాంకు పూర్తిగా వట్టిపోయినచో గొట్టములలోనికి గాలి చొచ్చును. దీనినే మేస్త్రీలు ‘ఎయిర్ పట్టినది’ అందురు. అప్పుడు డీజిలు పోసి, ఫిల్టరుపైనున్న స్క్రూను కొంచెము వదులుచేసి, చేతి పంపును కొట్టవలయును. బుడగలు లేని డీజిలు వచ్చినంతట స్క్రూను బిగించి, పిదప ఇంజెక్షను పంపు స్క్రూ వద్దను అట్లే చేయవలయును. కాని నాజిలునుండి వెలువడు సన్నని ధారకు చేయి అడ్డము పెట్టరాదు. అది చర్మమును చీల్చుకొని లోనికి పోవును. నొప్పి స్వల్పముగ నున్నను తక్షణమే ఆసుపత్రికి పోవలయును.

నాలుగవది నీరు. మన బోరుబావుల నీరు అనేక చోట్ల ఉప్పు, సున్నము కలది. కాగు అడుగున పొక్కు కట్టినట్లే అది రేడియేటరులోను పొక్కు కట్టును. వాననీరుగాని, శుద్ధమైన మెత్తని నీరుగాని కూలెంటు కలిపి పోయుట శ్రేయస్కరము. రేడియేటరు రేకుల సందులలోని పొట్టును ఊది తీయవలయును. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. కాగిన ఇంజనులో చన్నీరు పోయరాదు.

సంగంబండ, భూత్పూరు జలాశయముల క్రింద వరి మడి దమ్ము చేయువారు సాయంకాలము చక్రములను, ముందు ఇరుసును కడిగి గ్రీజు పట్టింపవలయును. గ్రీజు నిపిల్సును ముందుగా గుడ్డతో తుడువనిచో బురదయే లోనికి పోవును.

పొగను గమనించుట నేర్చుకొనుడు. నల్లపొగ యెడతెగక వచ్చినచో గాలి చాలదనియో, బరువు మించినదనియో తలంపవలయును. నీలిపొగ వచ్చినచో నూనె కాలుచున్నది. తెల్లపొగ చలిలో క్షణకాలము వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన పిదపను వచ్చినచో డీజిలు సరిగా మండుట లేదనియో, లోనికి నీరు చేరుచున్నదనియో మేస్త్రీకి చూపవలయును.

ఇంటియొద్ద చేయరాని పనులును కలవు. ఇంజెక్షను పంపు, నాజిలు, గేరు పెట్టె, హైడ్రాలిక్ పంపు, వీనిని తగిన పనిముట్లును, నేర్పును గలవారే విప్పవలయును. చక్రము తీయునప్పుడు జాకీనొక్కదానినే నమ్మక గట్టి కొయ్య దిమ్మెలు పెట్టుడు. పైకెత్తిన నాగలి క్రిందికి దూరరాదు. వెనుక తిరుగు ఇరుసు వద్దకు పంచెతోగాని, కండువాతోగాని పోరాదు. ముందుగా ఇంజనును ఆపవలయును. మడిలో విడివిడిగా వాడు రెండు బ్రేకులను బాట ఎక్కునప్పుడు తప్పక జతచేయవలయును. ఒక ప్రక్క బ్రేకు మాత్రమే పట్టినచో బండి బోల్తాపడును.

చివరి మనవి యొకటి. పహాణీలో ఏ సర్వే నంబరున ఏ పైరు వేసినదియు వ్రాసినట్లే, ట్రాక్టరునకును ఒక చిన్న పుస్తకము పెట్టుడు. ఏ తేదీన, మీటరుపై ఎన్ని గంటలకు, ఏ నూనె మార్చితిరో, ఏ సామాను వేసితిరో వ్రాయుడు. జ్ఞాపకము మరచును గాని వ్రాత మరువదు. ఆ పుస్తకము చూచినచో మేస్త్రీకి రోగము తెలియును, బండిని అమ్ముకొనునప్పుడు ధరయు వచ్చును.

రోహిణి కార్తె రాకమునుపే ఒక దినము పని మానుకొని, నేను చెప్పిన నాలుగింటిని పరీక్షించుడు. తొలకరి వాన పడిన ఉదయమున మీ బండి మొదటి తిప్పుటకే లేచి చేనికి పోవుగాక యని కోరుచు విరమించుచున్నాను.