పిలుపు అందరికీ, వీసా కొందరికే

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అంతర్జాతీయ సదస్సుల్లో మనం ఏం మాట్లాడాలన్న దానిపై పొద్దుటి నుంచి చర్చ బాగా జరిగింది. నాకు అప్పగించిన అంశం దాని ముందు చిన్నదిగా కనిపిస్తుంది - పాస్‌పోర్టులు, వీసాలు, కాగితాలు. కానీ మన తరఫున ఎవరు మాట్లాడతారన్నది సభా వేదిక మీద కాదు, వీసా కిటికీ దగ్గరే తేలిపోతోంది. అందుకే దీన్ని ఆఫీసు పనిగా గుమాస్తాలకు వదిలేయకూడదంటాను.

1995 బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సునే తీసుకోండి. ప్రభుత్వ ప్రతినిధుల సభ బీజింగ్‌లో జరిగింది. స్వచ్ఛంద సంస్థల వేదికను మాత్రం కొద్ది నెలల ముందు చైనా ప్రభుత్వం నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న హువైరౌకు మార్చేసింది. వీసా కావాలంటే వేదికలో పేరు నమోదైనట్టు పత్రం ఉండాలి, హోటలు గది ఖాయమైనట్టు మరో పత్రం ఉండాలి. అవి వేళకు అందక ఎందరో మహిళలు బయలుదేరలేకపోయారు. ప్రవాసంలో ఉన్న టిబెటన్ మహిళల సంఘాలకు గుర్తింపే ఇవ్వలేదు. అయినా కొద్దిమంది టిబెటన్ మహిళలు హువైరౌ చేరుకుని, నోటికి పట్టు గుడ్డలు కట్టుకుని మౌనంగా నిలబడ్డారు. వాళ్లెలా రాగలిగారు? వాళ్ల చేతుల్లో ఇతర దేశాల పాస్‌పోర్టులున్నాయి. మన దేశంలో శరణార్థులుగా బతుకుతున్న వారి అక్కచెల్లెళ్లకు ఆ దారి లేదు.

ఇది చైనాకే పరిమితమైన సంగతి అనుకోవద్దు. హెచ్.ఐ.వి. ఉన్నవారిని అమెరికా 1987 నుంచి తన గడ్డ మీద అడుగు పెట్టనివ్వలేదు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సును ఆ కారణంగానే అనేక సంస్థలు బహిష్కరించాయి. 1992లో బోస్టన్‌లో జరగవలసిన సదస్సును నిర్వాహకులు ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలించారు. నిషేధం 2010 జనవరిలో తొలగింది, 2012లో సదస్సు వాషింగ్టన్‌కు వచ్చింది. అప్పుడు కూడా గత పదేళ్లలో సెక్స్ వర్క్ చేసినవారికి అమెరికా చట్టం ప్రవేశం నిరాకరించింది. దాంతో సెక్స్ వర్కర్ల సంఘాలు ఆ జూలైలోనే కలకత్తాలో తమ సభ తాము పెట్టుకున్నాయి. ఎవరి జబ్బు గురించి, ఎవరి బతుకు గురించి సదస్సో, వాళ్లే గుమ్మం బయట!

ఇప్పుడు మన ఇంటి సంగతికి వస్తాను. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లారో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2011 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల హక్కులపై 189వ ఒప్పందాన్ని ఆమోదించింది. దాని అమలు గురించి మాట్లాడవలసింది కువైట్‌లో జీతం ఎగ్గొట్టించుకుని, పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టి తిరిగొచ్చిన మనిషి. అటువంటి ఆమెను జెనీవా పంపాలంటే ఏం అడుగుతారు? బ్యాంకు ఖాతా వివరాలు, జీతం రసీదు, ఆస్తి పత్రాలు, తిరుగు టిక్కెట్టు, కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా. పనిమనిషిగా సరిహద్దు దాటినప్పుడు ఆమె పేదరికం ఎవరికీ అడ్డు రాలేదు. ప్రతినిధిగా దాటబోయేసరికి అదే పేదరికం అనుమానానికి కారణమయింది.

అమెరికాలో అయితే ఈ అనుమానం చట్టంలోనే రాసి ఉంది. వలస చట్టం 214(బి) ప్రకారం సందర్శక వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వచ్చినట్టే లెక్క. కాదని నిరూపించుకునే బాధ్యత మనది. కాదంటే అప్పీలు లేదు, మళ్లీ రుసుము కట్టి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సభలకు వచ్చే గుర్తింపు పొందిన స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల ప్రయాణానికి ఆటంకం కలిగించబోనని అమెరికా 1947లోనే ఒప్పందం రాసిచ్చింది. ఆ మాట దరఖాస్తుతో పాటు జత చేసే లేఖలో తప్పక ప్రస్తావించండి. అది మన హక్కు.

నేను కొన్నిసార్లు విదేశీ సభలకు వెళ్లొచ్చాను. నాకు జీతం ఉంది, నా పేర ఇల్లు ఉంది, ఇంగ్లీషు వచ్చు. వీసా అధికారికి నచ్చేవి ఇవే. క్రమంగా ఏం జరుగుతుందంటే, సంస్థలు కూడా ఆ అధికారి కళ్లతోనే ప్రతినిధిని ఎంచుకోవడం మొదలుపెడతాయి. "ఆమెకు వీసా రాదులే, మేడం గారిని పంపుదాం" అనేస్తారు. అర్జీ పెట్టకుండానే తిరస్కరించే పని మనమే చేసిపెడుతున్నాం. దీన్ని నేను ఒప్పుకోను.

కాగితాల పని ఆరునెలల ముందే మొదలవ్వాలి. మన ఆడవాళ్లకు రేషన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, బ్యాంకులో ఒట్టి పేరు మాత్రమే ఉంటుంది. మొదట ఇవి సరిచేయించాలి. భర్త వదిలేసినవారూ, విడిగా ఉంటున్నవారూ వెనకాడనక్కర్లేదు. 2016 డిసెంబరులో మారిన నిబంధనల ప్రకారం పాస్‌పోర్టుకు పెళ్లి పత్రం అక్కర్లేదు, విడిపోయినవారు భర్త పేరు రాయనక్కర్లేదు. పదో తరగతి పాసు కాని వారి పాస్‌పోర్టుకు వలస తనిఖీ నియమం ఉంటుంది. అది గల్ఫ్ వంటి పద్దెనిమిది దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారికి, సదస్సుకు వెళ్లే ఆమెకు కాదు. అయినా విమానాశ్రయంలో అడుగుతారు. ఆహ్వానపత్రం, తిరుగు టిక్కెట్టు సామానులో వేసెయ్యకుండా చేతిసంచిలోనే ఉంచమని చెప్పండి.

మన ప్రభుత్వాన్నీ అడగాలి. ఇక్కడ అంతర్జాతీయ సదస్సు పెట్టాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి, విదేశాంగశాఖ అనుమతి కావాలి. అవి లేకపోతే వచ్చేవారికి సదస్సు వీసా దొరకదు. పొరుగు దేశాల అక్కచెల్లెళ్లకు మన గుమ్మం దగ్గరా ఇదే అనుభవం.

ఇకపై ఆహ్వానం వచ్చినప్పుడు ధన్యవాదాల ఉత్తరంతో పాటు కొన్ని ప్రశ్నలు పంపుదాం. సభ ఏ దేశంలో, అక్కడికి ఎవరు రాలేరు? వీసా రుసుము ఎవరు భరిస్తారు, తిరస్కరిస్తే ఆ నష్టం ఎవరిది? మా కూలి సంఘం నాయకురాలి కోసం మీరు మీ విదేశాంగశాఖకు ఉత్తరం రాస్తారా? వేదిక మార్చడం కుదరదని అంటే ఆమ్‌స్టర్‌డామ్ గుర్తు చేయండి. 1988లో అరాఫత్‌కు అమెరికా వీసా నిరాకరిస్తే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభే జెనీవాకు తరలివెళ్లింది.

భోజనాల తర్వాత పాస్‌పోర్టు దరఖాస్తులు నింపే పని పెట్టుకున్నాం. ఎవరెవరి ఇంటిపేర్లు ఎక్కడెక్కడ ఎలా ఉన్నాయో కార్డులు దగ్గర పెట్టుకుని రండి.