చన్నీళ్ళలో జారిన ఉంగరం



కార్తీకపౌర్ణమికి మా రెడ్డిగూడెం నుంచి బందరు దగ్గర మంగినపూడికి వెళ్ళి సముద్రస్నానం చేసి రావడం మా యింట్లో ఆనవాయితీ. క్రిందటేడు మా తోటికోడలు కూడా వచ్చింది. తెల్లవారుజాము, చలిగాలి. నడుంలోతు నీళ్ళలో మూడు మునకలు వేసి లేచేసరికి ఆమె వేలికి ఉంగరం లేదు. కాసు బంగారం. పెళ్ళినాడు మా అత్తగారు తన వేలినుంచి తీసి తొడిగినది.

అందరం వంగి నీళ్ళలో చేతులు పెట్టి దేవులాడాం. గంటసేపు తొక్కి, కెలికి, నీళ్ళు బురద చేశాం గాని లాభం లేకపోయింది. "అత్తయ్యతో చెప్పకక్కా" అని బస్సులో దారిపొడుగునా ఒకటే ఏడుపు.

మేము చేసింది తప్పని నాకు తర్వాత తెలిసింది. బంగారం నీటికంటే పందొమ్మిది రెట్లు బరువు. ఇసుక రెండున్నర రెట్లే. మనం బియ్యం గాలించేటప్పుడు రాళ్ళు అడుగుకు దిగడం లేదూ? కాళ్ళతో కెలికినకొద్దీ ఉంగరం అలాగే కిందికి దిగుతుంది. జారిందని తెలియగానే కదలకుండా నిలబడి, ఒడ్డుమీద ముందొకటి, వెనకొకటి వరసగా కనిపించే గుర్తులు చూసుకోవాలి. ఒక తాడిచెట్టూ, దాని వెనక దీపస్తంభమూ అనుకోండి. పక్కవైపు అలాంటిదే మరో జత. అప్పుడు ఎన్నాళ్ళకైనా ఆ చోటు మళ్ళీ దొరుకుతుంది.

చోటు తెలిస్తే వెతకడానికి యంత్రం వుంది. తిరునాళ్ళలో పోలీసులు పట్టుకు తిరిగేదే, మెటల్ డిటెక్టరు. కర్ర చివర పళ్ళెమంత తీగచుట్ట వుంటుంది. కింద లోహం వుంటే చెవిలో కూత వినిపిస్తుంది. అయితే ఉప్పునీరు కూడా కరెంటును పోనిస్తుంది కనుక మామూలు యంత్రం సముద్రంలో ఊరికే కూస్తూ వుంటుంది. ఒక దెబ్బ కొట్టి, ఆగి, జవాబు వినే రకం వేరే వుంది. సముద్రానికి అదే మేలు. చలిదేశాల్లో కొందరు గుండెలదాకా రబ్బరు తొడుగులు వేసుకుని శీతకాలంలోనే దిగుతారట. స్నానాలవాళ్ళు వుండరు, పైగా ఆ రోజుల పెద్ద అలలు పైయిసుకను లాక్కుపోతాయి. చేతిలో పొడుగు కాడ వున్న చిల్లుల తవ్వుగోల. మన బూందీ గరిటెకు పెద్దక్క అనుకోండి!

అలలే చెరిగిపెట్టే చోటు మన దగ్గరా వుంది. జాందానీ చీరల ఉప్పాడ. 2020 నవంబరులో నివర్ తుఫాను వెళ్ళాక అక్కడి ఒడ్డున చిన్న చిన్న బంగారు పూసలు, తునకలు దొరికాయి. ఆడా మగా పిల్లలతో సహా తడి ఇసుకలో కూర్చుని ఏరుకున్నారు. అక్కడ సముద్రం ఏళ్ళతరబడి ఊరిని కోసుకు తింటోంది. ఇళ్ళూ గుళ్ళూ పడిపోయాయి. శంకుస్థాపననాడు పునాదిలో బంగారు తునక వేయడం మన ఆచారం కదా. ఆ పునాదులే అలా బయటపడుతున్నాయని అక్కడివాళ్ళు అనుకుంటారు. దొరికినవాళ్ళకు సంతోషమే. ఆ తునక పసుపు కుంకుమలతో వేసిన ఇల్లాలు గుర్తుకొచ్చి నాకు మాత్రం మనసు ఒకలా అయింది.

ఇంతకీ మా ఉంగరం సంగతి. ఎండాకాలంలో సబ్బు రాస్తేగాని రాని ఉంగరం ఎలా జారింది? చలికి చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేళ్ళు సన్నబడతాయి. తడి తోడైతే ఇక చెప్పేదేముంది. ఈ సంగతి నేను పుస్తకంలో చూసి తెలుసుకున్నాను. మా అత్తగారు ఏ పుస్తకమూ చూడలేదు. నాలుగోరోజు అన్నం వడ్డిస్తున్న చిన్నకోడలి చేయి చూశారు. తోటికోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ చారు కలుపుకుంటూ, "చలికి వేళ్ళు బక్కపడతాయే పిచ్చిదానా, నూలు చుట్టుకోవద్దూ?" అన్నారు. అంతే.

ఈ యేడు పౌర్ణమికి ముందురోజు సాయంత్రం ఆవిడే అరుగుమీద కూర్చుని, మా అందరి ఉంగరాలూ ఒళ్ళో వేసుకుని, ఒక్కొక్కదానికీ పసుపుదారం చుట్టి యిచ్చారు.