సింహ భల్లూకముల మైత్రి

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షిక సభలో నొక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



సభ ప్రారంభమగుటకు ముందు మీ పఠనమందిరమున పత్రికలు పరచియుంచిన బల్లచెంత కొంతసేపు కూర్చుంటిని. అచట నిద్దరు యువకులు వాదించుకొనుచుండిరి. పెద్ద రాజ్యములలో మనకు నిజమైన మిత్రమేది యనునది వారి వాదము. ఒకరు ఒక రాజ్యమును, వేరొకరు మరియొక రాజ్యమును సమర్థించిరి. వారికి తీర్పు చెప్పుటకు నేను రాలేదు. ఆ ప్రశ్నయే సరియైన ప్రశ్న కాదేమోయని నా సందేహము. ఆ సందేహమును తేటపరచుటకు ఒక పరదేశపు చరిత్ర చెప్పెదను. అంతకుముందు నా వృత్తిలోనిదొక చిన్న సంగతి వినుడు.

నేను నూతనముగా వకీలుపని ప్రారంభించిన దినములలో ఇద్దరు దాయాదుల భూమి తగవు పెక్కేండ్లు నడచి తుదకు రాజీకి వచ్చెను. రాజీ కాగితము వ్రాసినవాడను నేనే. ఉత్తరపు చేను ఒకరికి, దక్షిణపు చేను ఇంకొకరికి, నడుమనున్న బావిపొలము ఉభయులకును. న్యాయస్థానము దానిని అంగీకరించి డిక్రీ యిచ్చెను. ఉభయ పక్షములవారును నన్ను మెచ్చుకొనిరి. నాటి సాయంకాలము కచేరి మెట్లమీద నొక ముదుసలి నన్నాపి, "నాయనా, ఆ బావిపొలము ముప్పదియేండ్లుగా నేను దున్నించుకొనుచున్నాను. కాగితములో నా పేరేదీ?" అని యడిగెను. ఆమె వాది కాదు, ప్రతివాది కాదు. ఆమెను ఎవరును పిలువలేదు, నేనును విచారింపలేదు. ఆ డిక్రీ ఆమెను బంధింపదని శాస్త్రము చెప్పును. కాని వేరు దావా వేయుటకు ఆమెకు శక్తి యేది? ఆ ప్రశ్నకు నేటికిని నాయొద్ద సమాధానము లేదు. రాజ్యముల రాజీలను చదువునప్పుడెల్ల ఆ ముదుసలియే నాకు జ్ఞప్తికి వచ్చును.

ఇక చరిత్రకు వచ్చెదను. 19వ శతాబ్దమున ఆసియాఖండమునందు ఇంగ్లండును రష్యాయు బద్ధవైరులు. 1885లో ఆఫ్ఘన్ సరిహద్దున పంజ్‌దే యొద్ద రష్యా సేనలు ఆఫ్ఘనుల నోడించినప్పుడు ఈ రెండు రాజ్యములకును యుద్ధము తప్పదనియే లోకము తలచెను. రష్యా వచ్చిపడునను భయమును చూపి మన దేశమున సేనావ్యయమును పెంచిరి. వాయవ్య సరిహద్దుదాక రైలుమార్గములు వేసిరి. ఆ సొమ్ము మన రైతు చెల్లించిన పన్నే.

ఈ యిద్దరి నడుమను నలిగినది పారశీకము, అనగా నేటి ఇరాన్. 1906 వేసవిలో తెహరాను నగర ప్రజలు షా యొక్క నిరంకుశత్వమునకు హద్దు కోరిరి. వర్తకులు, విద్యార్థులు, చేతిపనివారు పండ్రెండు వేలకు పైబడి బ్రిటిష్ రాయబార కార్యాలయపు తోటలో శరణుజొచ్చి, డేరాలు వేసికొని, వంటలు వండుకొని, దినముల తరబడి కూర్చుండిరి. ఆగష్టులో షా లొంగెను. అక్టోబరులో మజ్లిస్ అను ప్రజాప్రతినిధి సభ సమావేశమయ్యెను. రష్యా షాకు చుట్టము, ఇంగ్లండు ప్రజలకు చుట్టము అని నాటి దేశభక్తులలో పలువురు విశ్వసించిరి. తమకు తోటలో చోటిచ్చినవానిని నమ్ముట సహజమే గదా!

ఆ విశ్వాసమునకు సంవత్సరకాలమే ఆయుర్దాయము. 1907 ఆగష్టు 31వ తేదీన సెయింటు పీటర్సుబర్గులో ఇంగ్లండు, రష్యాలు ఒడంబడిక చేసికొనెను. దాని పీఠికలో పారశీకము యొక్క స్వాతంత్ర్యమును, సమగ్రతను గౌరవింతుమని వ్రాసిరి. ఆ వెనువెంటనే ఉత్తరభాగము రష్యా పలుకుబడి మండలమనియు, ఆగ్నేయభాగము ఇంగ్లండుదనియు, నడిమి భాగము ఉభయులకు సమానమనియు పంచుకొనిరి. పారశీకుల నెవరును అడుగలేదు. ఆ సంవత్సరముననే లండను హాస్యపత్రిక 'పంచ్' ఒక బొమ్మ వేసెను: ఒక ప్రక్క సింహము, ఒక ప్రక్క ఎలుగుబంటి, నడుమ తన మాట ఎవరడిగిరని తెల్లబోవు పిల్లి.

శతాబ్దపు వైరము ఇంత త్వరగా ఏల చల్లారెను? 1905లో రష్యా జపాను చేతిలో ఓడి డస్సియుండెను. 1898లోను, 1900లోను చేసిన చట్టములచే జర్మనీ నౌకాబలమును పెంచుకొనుచుండగా ఇంగ్లండు కలతపడి, 1904లోనే చిరకాల శత్రువైన ఫ్రాన్సుతో స్నేహము కుదుర్చుకొనియుండెను. నాటి బేరమున ఈజిప్టు ఇంగ్లండు వంతు, మొరాకో ఫ్రాన్సు వంతు. అదేరీతి బేరమిది. తగవు యూరపులోనిది, మూల్యము ఆసియాది. పారశీకులు వారికి చేసిన మేలుగాని కీడుగాని ఇందులకు కారణము కాదు.

ఫలిత మేమి? 1908 జూనులో షా కొలువులోనున్న కసాక్కు దళము, రష్యా సేనాని లియాఖవ్ నాయకత్వమున, మజ్లిస్ భవనమును ఫిరంగులతో కొట్టెను. 1909లో ప్రజాపక్షము మరల తెహరానును పట్టుకొని షాను తొలగించెను. 1911లో మజ్లిస్ తన బొక్కసమును చక్కదిద్దుటకు మోర్గన్ షుస్టరు అను అమెరికనును నియమింపగా, అతనిని పంపివేయవలెనని రష్యా తుది హెచ్చరిక పంపెను. మజ్లిస్ దానిని నిరాకరించెను. రష్యా సేనలు కదలెను. డిసెంబరులో సభ మూతపడెను, ఆ పిమ్మట షుస్టరు వెడలిపోయెను. తోటలో శరణిచ్చిన ఇంగ్లండు అడ్డుపడలేదు. జర్మనీకి ఎదురుగా దానికి రష్యా కావలసియుండెను.

సభాసదులారా, రెండుసార్లును దెబ్బ పడినచోటును గమనింపుడు. షా మహలుమీద పడలేదు, సభమీద పడెను. ఒక్క షాను లొంగదీయవచ్చును, కొనవచ్చును. దేశమంతటి ప్రతినిధులు కూర్చున్న సభను కొనుట కష్టము.

1917లో రష్యాలో విప్లవము వచ్చి స్నేహితులు మరల వైరులైరి. అందువలన పారశీకము బాగుపడెనా? రష్యా తొలగిన చోటికి ఇంగ్లండు వచ్చెను. 1919లో కర్జను ప్రభువు పారశీక మంత్రులతో చేసికొనిన ఒడంబడిక ఆ దేశపు సేనను, బొక్కసమును బ్రిటిష్ సలహాదారుల చేతిలో పెట్టునట్టిది. మంత్రులకు సొమ్మును ముట్టెను. కాని మజ్లిస్ ఆమోదము లేనిదే అది చెల్లదు. ఆ ఆమోదమును సంపాదించుట ఏ మంత్రివర్గమునకును సాధ్యపడలేదు. 1921లో ఒడంబడిక రద్దయ్యెను.

మరల ఇరువదియేండ్లకు చక్రము తిరిగెను. 1939 ఆగష్టులో స్టాలిను హిట్లరుతో సంధి చేసికొనెను. 1940 నవంబరులో బాకూకు దక్షిణమున పారశీక సింధుశాఖ దిక్కుగానున్న ప్రదేశము తన ఆకాంక్షల కేంద్రమని గుర్తింపుమని సోవియట్ ప్రభుత్వము బెర్లినునకు వ్రాసెను. 1941 జూనులో హిట్లరు రష్యాపై దండెత్తెను. రెండు నెలలకు, ఆగష్టు 25న, ఇంగ్లండును రష్యాయు చేయిచేయి కలిపి రెండు దిక్కులనుండి ఇరాన్‌లో ప్రవేశించెను. బ్రిటిష్ సేనలో మన సిపాయిలును నడచిరి. రష్యాకు భాగస్వామి మారెను గాని బేరములోని భూమి మాత్రము మారలేదు.

యుద్ధానంతరము ఆరు నెలలలో వెడలిపోవుదుమని 1942లో ఇద్దరును మాట యిచ్చిరి. 1946లో ఇంగ్లండు వెడలెను, రష్యా కదలలేదు. అప్పుడు ఇరాన్ తానే ఫిర్యాదియై నూతనముగా నేర్పడిన భద్రతాసమితి యెదుట నిలిచెను. అమెరికా దానికి బాసటయయ్యెను. ప్రధాని ఖవాం మాస్కోకు పోయి చర్చించివచ్చి, పిదప చమురు సంస్థలో రష్యాకు భాగమిచ్చుటకు ఒప్పుకొనెను. కాని అది మజ్లిస్ ఆమోదమునకు లోబడినది. మంత్రులు పరదేశీయులతో చమురు హక్కుల బేరములు చేయరాదని 1944లోనే ముసద్దిక్ ఒక చట్టము చేయించియుండెను. 1946 మేలో రష్యా సేనలు వెడలెను. 1947 అక్టోబరులో మజ్లిస్ ఆ చమురు ఒప్పందమును 102 ఓట్లకు 2 ఓట్లుగా త్రోసిపుచ్చెను. ఫిరంగులు లేని దేశము ఓట్లతో తన భూమిని నిలుపుకొనెను.

కథ ఇచట ముగిసిన బాగుండెడిది. 1951లో ఇరాన్ తన చమురును జాతీయము చేసెను. 1946లో బాసటగా నిలిచిన అమెరికాయే 1953 ఆగష్టులో ఇంగ్లండుతో కలిసి, ప్రధానియైన ముసద్దిక్‌ను కూలద్రోయించెను. ఇంకొక మాటయు దాచరాదు. విదేశీయుల ధనము సభలో ప్రవేశించినదను అనుమానముచే ఆ నెలలోనే ముసద్దిక్ జనవాక్యమును సేకరించి మజ్లిస్‌ను రద్దు చేయించెను. ఆయన దేశభక్తిని నేను శంకింపను. కాని దెబ్బ పడిన దినమున డాలు నేలపై నుండెను.

ఇందులో మనకేమి సంబంధమని యడుగుదురేమో. 1907లో ఆగ్నేయ మండలమును ఇంగ్లండు కోరినది హిందూదేశపు త్రోవను కాపాడుటకని చెప్పిరి. ఆ కాగితములో మన పేరుండెను. మన చేవ్రాలు లేదు. నాడు మనమును కచేరి మెట్లమీద నిలిచినవారమే.

నేడు మనము స్వతంత్రులము. మన చేవ్రాలు మనదే. అయినను వకీలుగా ఒక్క మాట మనవి చేసెదను. మన రాజ్యాంగము ప్రకారము సంధులు చేయునది కేంద్రప్రభుత్వము. వానిని అమలుపరచుటకు చట్టము కావలసినచో ఆ చట్టమును పార్లమెంటు చేయును. సంధికే ముందుగా పార్లమెంటు ఆమోదము పొందవలెనను నిర్బంధము లేదు. ప్రభుత్వములను నమ్మవలదని నేననను. ఖవాం మాస్కోలో నిలువగలిగినది తన వెనుక "మా సభ ఒప్పుకొనవలె" నను మాట యుండుటచేతనే యని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను. సభ ఆమోదము మంత్రికి సంకెల కాదు, ఊతకోల.

కావున ఆ యువకులకు నా మనవి యిది. ఏ రాజ్యము మన మిత్రమని వాదించుకొనుటకు బదులు, రెండు పెద్ద రాజ్యములు చేతులు కలిపిన వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఆ కాగితములో పంచబడినదెవరి సొత్తు? అచట పిలువబడనివారెవరు? దానిని కాదనుటకు హక్కుగల సభ యేది? మన దేశమే చేవ్రాలు చేసినప్పుడు ఈ ప్రశ్నలను మరింత గట్టిగా వేయుడు. మీరు ఎన్నుకొని పంపినవారినే అడుగుడు. కాగితములో నా పేరేదీ యని డిక్రీ వచ్చిన సాయంకాలమున అడిగి ప్రయోజనము లేదు.